జమ్మిచెట్టు మీది మూట: మన ఇళ్ళలోని పాత ఆయుధాలు

విరాటపర్వం కథ తెలియనివారు మన సభ్యులలో ఉండరు. అజ్ఞాతవాసానికి పోయేముందు పాండవులు తమ ఆయుధాలను ఊరి బయట జమ్మిచెట్టు మీద దాచారు. ఏడాది గడిచాక ఉత్తర గోగ్రహణం నాడు అర్జునుడు వాటిని దింపించి యుద్ధం గెలిచాడు. అందుకే ఏటా విజయదశమికి జమ్మికి మొక్కి, ఆకు పెద్దల చేతిలో పెట్టి దీవెనలు తీసుకుంటాం.

ఆ కథలో ఆయుధాలను దాచిన పద్ధతిని మాత్రం మనం అంతగా పట్టించుకోము. సంస్కృత భారతంలో ఆ వివరం స్పష్టంగా ఉంది. ముందు ఒక్కొక్కరూ తమ వింటి నారిని సడలించారు. తర్వాత అన్నింటినీ చెట్టుమీద, వాన నేరుగా తగలని చోటు చూసి, గట్టి తాళ్ళతో కట్టారు. ఎవరూ దగ్గరికి రాకుండా ఒక శవాన్ని కూడా కట్టి వేలాడదీశారు. ఏడాది తర్వాత ఉత్తరుడు మూట విప్పి, "ఈ విల్లు ఎవరిది? ఈ కత్తి ఎవరిది?" అని ఒక్కొక్కటీ చూపి అడిగాడు. అర్జునుడు ఒక్కొక్కదానికీ పేరూ, యజమానీ, చరిత్రా చెప్పాడు.

ఈనాడు ప్రదర్శనశాలలలో ఆయుధాలను కాపాడే నిపుణులు చెప్పే సూత్రాలు ఇంతకంటె పెద్దగా వేరు కావు. బిగువు సడలించాలి. తేమ తగలనీయరాదు. నలుగురి చేతులూ పడనీయరాదు. ప్రతి వస్తువుకూ పేరూ ఊరూ రాసి ఉంచాలి. మన ప్రాంతంలో ఈ నాలుగూ జరగడం లేదు. ఉన్న కొద్ది ఆయుధాలూ పాతబడి పోతున్నదానికంటె, మనం చేసే "శుభ్రం" వల్లనే ఎక్కువగా పోతున్నాయి. ఆ సంగతి సభ్యుల దృష్టికి తేవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆయుధాల సీమ

నందికొట్కూరు నుంచి ఆత్మకూరు మీదుగా నల్లమల దాటితే శ్రీశైలం. అక్కడి మల్లికార్జునస్వామి ఆలయ ప్రాకారం ఆయుధాలకు రాతిలో రాసిన పట్టిక వంటిది. ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్ళు, యోధులు వరుసలు వరుసలుగా చెక్కి ఉన్నారు. ఈటె ఎలా పట్టేవారో, డాలు ఏ చేతికి ఉండేదో, బాకు నడుములో ఎలా దోపేవారో ఆ రాళ్ళు చూస్తే తెలుస్తుంది. అదే క్షేత్రంలో 1377లో రెడ్డిరాజు అనవేమారెడ్డి వీరశిరోమండపం కట్టించాడు. వీరభక్తులు అక్కడ తమ శిరస్సులను, నాలుకలను శివునికి అర్పించేవారని శాసనం చెబుతున్నది. మన పల్లెల వీరగల్లుల మీద కూడా కత్తి పట్టిన వీరుడే కనిపిస్తాడు. రాతిలో చెక్కిన కత్తి నిలిచింది. ఇనుముతో చేసిన కత్తి నిలవలేదు.

ఎందుకు నిలవలేదో తెలుసుకోవాలంటే పాలెగాళ్ళ కాలానికి పోవాలి. 1800 అక్టోబరులో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో లెక్క ప్రకారం అప్పుడు దత్తమండలాలలో సుమారు 80 మంది పాలెగాళ్ళు, వారి కింద సుమారు 30,000 మంది సాయుధ బంట్రోతులు ఉన్నారు. జనరల్ డుగాల్డ్ క్యాంబెల్ సైన్యం సాయంతో మన్రో కొద్దికాలంలోనే ఆ బలాన్ని విరిచాడు. కోటలు కూల్చారు, మందీమార్బలాన్ని చెదరగొట్టారు.

మన నందికొట్కూరు అప్పటికి కంపెనీ ప్రత్యక్ష పాలనలోకి రాలేదు. రామళ్ళకోట, నంద్యాల, శిరివెళ్ళ తాలూకాలతో పాటు ఇది కర్నూలు నవాబు ఏలుబడిలోనే ఉంది. నవాబు కంపెనీకి పేష్కషు చెల్లించేవాడు. కాబట్టి ఆయుధాలు లాక్కునే తంతు ఇక్కడికి 39 ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది.

1839లో నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా యుద్ధసామగ్రి కూడబెడుతున్నాడని కంపెనీకి అనుమానం వచ్చింది. సైన్యంతో వచ్చి వెతికితే కోటలోనూ అంతఃపురం తోటలలోనూ దాచిన ఫిరంగులు, గుండ్లు, మందు, పోత పోసే కొలుములు పెద్ద ఎత్తున బయటపడ్డాయి. ఆ అక్టోబరు 18న హంద్రీ ఒడ్డున జోహరాపురం దగ్గర నవాబు వైపు నిలిచిన అరబ్బులు, రోహిల్లాలు, పఠాన్లు పోరాడి ఓడిపోయారు. నవాబును తిరుచిరాపల్లికి పంపారు. మరుసటి ఏడే అక్కడ తన సేవకుని చేతిలోనే ఆయన హతుడయ్యాడు. ఆయన రాజ్యం కంపెనీ పాలనలోకి పోయి, 1858లో కర్నూలు జిల్లాగా ఏర్పడింది. అందులో మన తాలూకా ఒకటి. (2022 ఏప్రిల్ నుంచి నందికొట్కూరు నంద్యాల జిల్లాలో చేరిన సంగతి సభ్యులకు తెలిసినదే.)

1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడినప్పుడు ఆయన వెంట నడిచినవారిలో కట్టుబడి బంట్రోతులు చాలామంది. పాలెగాళ్ళ కాలంలో కాపలా పనికి గాను ఇనాం భూములు అనుభవించినవారు వీరు. కత్తి, బల్లెం వారి ఉద్యోగపు గుర్తులు, మనకు డవాలి బిళ్ళలాగా. 1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డిని ఉరితీశారు. 1878లో ఆయుధాల చట్టం వచ్చి, లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకునే వీలు లేకుండా చేసింది.

ఇన్ని వడపోతల తర్వాత మిగిలినవే నేడు మన ఇళ్ళలో, గుడులలో, చావిళ్ళలో అక్కడక్కడ కనిపించే కత్తులు, బాకులు, ఈటెలు, డాళ్ళు. మన్రో కాలమూ, నవాబుల కాలమూ దాటి వచ్చిన వస్తువు ఇటుకపొడి దెబ్బకు పోతే అంతకంటె చింతించవలసినది ఏముంటుంది?

ఒక ఒరలో మూడు స్వభావాలు

పాత ఆయుధాన్ని కాపాడడంలో చిక్కు ఏమిటంటే, అది ఒక్క పదార్థంతో చేసినది కాదు. అలుగు ఇనుము లేదా ఉక్కు. పిడి కొన్నిటికి కొయ్య, కొన్నిటికి ఇత్తడి. ఒర లోపల పలుచని చెక్క, పైన తోలు. ఒరకు కొసన లోహపు పొన్ను. ఈ మూడింటికీ ఒకదానికి గిట్టినది మరొకదానికి గిట్టదు. ఇనుముకు గాలి ఎంత పొడిగా ఉంటే అంత మంచిది. కొయ్యకూ తోలుకూ మరీ పొడిగాలి తగిలితే పగుళ్ళు వస్తాయి. గాలిలో తేమ నూటికి 60 పాళ్ళు దాటితే ఇనుముకు తుప్పు వేగంగా పడుతుంది. 40కి తగ్గితే కొయ్య ముడుచుకుపోతుంది, తోలు బిరుసెక్కుతుంది. మధ్యస్థంగా, 45 నుంచి 55 లోపల, హెచ్చుతగ్గులు లేకుండా ఉండడం ఉత్తమం అని నిపుణులు అంటారు.

మన సీమ ఎండలకు గాలి ఎండిపోతుంది. మళ్ళీ ముసురు పట్టిందంటే ఒక్కసారిగా తేమ ఎక్కుతుంది. ఇటువంటి ఎగుడుదిగుడులే ఎక్కువ హాని చేస్తాయి. కాబట్టి రేకుల కప్పు కింద, వంటింటి అటక మీద, బయటి గోడకు ఆనించి పెట్టరాదు. ఇంటి నడిమి గదిలో, నేలకు ఎత్తుగా, బీరువాలో పడుకోబెట్టి ఉంచడం మేలు.

మూడు పదార్థాలు మూడు దారులు పడతాయనడానికి ఒక మంచి ఉదాహరణ ఉంది. 2018లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా నగర గ్రామంలో ఒక పాడుబడ్డ బావి పూడిక తీస్తుంటే టిప్పు సుల్తాను కాలపు యుద్ధ రాకెట్లు వెయ్యికి పైగా దొరికాయి. టిప్పు రాకెట్టంటే మందు కూరిన ఇనుపగొట్టాన్ని తోలుపట్టీతో వెదురుబొంగుకు కట్టినది. బావిలో దొరికినవి ఇనుపగొట్టాలే. వెదురూ తోలూ ఉండే ఆయుధంలో రెండు వంతులు మట్టిలో కలిసిపోయి, ఒక వంతే మిగిలిందన్నమాట. మన కడప సీమ కూడా కొంతకాలం హైదరు, టిప్పుల పాలనలో ఉన్నదే కనుక ఇది పరాయి కథ కాదు.

ఇనుము, ఉక్కు

దసరా వస్తున్నదంటే ఇంట్లోని కత్తిని చింతపండుతోనో నిమ్మకాయతోనో రుద్ది, ఇటుకపొడితో తోమి, తళతళ మెరిసేలా చేస్తాం. కొందరు సాన పట్టిస్తారు. ఇంకొందరు నికెలు పాలిషు చేయిస్తారు. గుడి ఈటెలకు వెండిరంగు పూయడం కూడా మామూలైపోయింది.

ఇవన్నీ మానుకోవలసినవి. పులుపు ఇనుమును తింటుంది. సందులలో చిక్కిన పులుపు కడిగినా పోక, తర్వాత నెలల తరబడి తింటూనే ఉంటుంది. ఇటుకపొడితోనూ సానతోనూ పోయేది తుప్పు ఒక్కటే కాదు. అలుగు మీద సన్నగా చెక్కిన పేరు, సంవత్సరం, కమ్మరి గుర్తు, బంగారు తీగె పని ఉంటే అదీ పోతుంది. మన తెలుగుదేశంలో నిజామాబాదు జిల్లా కోనసముద్రం వంటి చోట్ల మూసలలో కరిగించి తీసిన ఉక్కు దేశదేశాలకు ఎగుమతి అయ్యేది. ఆ ఉక్కుతో చేసిన అలుగు మీద నీటి అలల వంటి చారలు ఉంటాయి. ఉక్కు గొప్పతనానికి ఆ చారలే సాక్ష్యం. మోటుగా సాన పడితే ఆ చారలు కనిపించకుండా పోతాయి.

తుప్పు అంతా ఒకటి కాదు. ముట్టుకుంటే నారింజరంగు పొడి రాలేది బతికి ఉన్న తుప్పు, దాన్ని ఆపాలి. గట్టిగా, నున్నగా, నలుపు తిరిగిన గోధుమరంగులో ఉన్నది పాతబడిన పొర. అది లోపలి లోహానికి కొంత కవచం వంటిది, దాన్ని గీకరాదు. రాలే పొడిని మెత్తని కుంచెతో దులిపి, పొడి నూలుగుడ్డతో తుడవాలి. తర్వాత కుట్టుమిషను నూనె ఒక్క చుక్క గుడ్డకు అంటించి పలుచగా పూసి, మళ్ళీ తుడిచెయ్యాలి. పిడి వైపు, తోలు వైపు ఆ నూనె పోకుండా చూడాలి. కొబ్బరినూనె, ఆముదం, నెయ్యి పనికిరావు. అవి కొంతకాలానికి జిగటగా మారి దుమ్మును పట్టి, లోహాన్ని తింటాయి. ప్రదర్శనశాలలలో నూనెకు బదులు ప్రత్యేకమైన మైనం పలుచగా పూస్తారు.

ఒట్టిచేత్తో అలుగును పట్టుకోరాదు. చెమటలో ఉప్పు ఉంటుంది. వేలిముద్ర పడిన చోటే కొన్నాళ్ళకు తుప్పు ముద్రగా తేలడం చూడవచ్చు.

కొయ్య

పిడికీ తుపాకి మడమకూ వాడిన కొయ్యకు ముగ్గురు శత్రువులు: చెద, పుచ్చుపురుగు, ఎండ. కొయ్య కింద సన్నని పిండివంటి పొడి కొత్తగా రాలుతున్నదంటే లోపల పురుగు ఉన్నదని గుర్తు. ఆ వస్తువును వెంటనే మిగతావాటి నుంచి వేరు చెయ్యాలి. పురుగు చావాలని ఎండలో పెడితే పురుగు చావకపోగా కొయ్య పగులుతుంది. వార్నీషు పూయడం, వదులైన పిడిలో కొత్త మేకు కొట్టడం, జిగురు పోయడం కూడా చెడ్డ పనులే. పాత కమ్మరులు అలుగు తోకను లక్క వంటి జిగురుతో పిడిలో బిగించేవారు. ఆ పనితనమూ చరిత్రలో భాగమే. వదులైతే నూలుదారంతో మెత్తగా చుట్టి ఉంచితే చాలు.

మన నల్లమల చెంచుల విల్లు కూడా ఇక్కడ చెప్పుకోదగినది. వెదురుతో చేసిన ఆ విల్లును నారి బిగించి గోడకు వేలాడదీస్తే కొన్నాళ్ళకు దాని బిగువు చచ్చి, బద్ద వంగిపోతుంది. పాండవులు చేసినట్టు నారి సడలించి పడుకోబెట్టాలి.

తోలు

మూడింటిలో అతి సుకుమారమైనది తోలు. మన దక్షిణదేశంలో తంగేడు చెక్కతో తోలు పదును చేయడం పూర్వంనుంచి ఉన్నది. ఇలా చెట్ల చెక్కలతో పదునుచేసిన తోలు ఏళ్ళు గడిచేకొద్దీ గాలిలోని ఆమ్లాలను పీల్చుకుని ఎర్రని పొడిగా రాలిపోతుంది. చేత్తో తాకితే ఇటుకరంగు పొడి అంటుకుంటే ఆ జబ్బు పట్టిందని అర్థం. బూట్ల పాలిషు, నూనె దీనికి మందు కావు. ఇంకా పాడుచేస్తాయి. వీలైనంత తక్కువగా కదిలించి, ఉతికిన నూలుగుడ్డలో వదులుగా చుట్టి ఉంచడమే మనం చేయగలిగినది. వానాకాలంలో బూజు పడితే నీడన గాలికి ఆరబెట్టి, మెత్తని కుంచెతో ఇంటి బయట దులపాలి.

ఇక చాలామందికి తెలియని సంగతి ఒకటి. కత్తిని ఒరలో పెట్టి దాచడం మంచిది కాదు. ఒర కత్తికి ఇల్లు అనుకుంటాం. పాతబడిన తోలులోని ఆమ్లమూ, చెక్క పీల్చిన తేమా అలుగును లోపలే తినేస్తాయి. పైకి ఒర చక్కగానే ఉంటుంది, లోపల కత్తి తుప్పుముద్ద అవుతుంది. తోలుకు తగిలిన ఇత్తడి మొలలకు పచ్చని చిలుము పట్టేదీ ఇందుకే. కాబట్టి కత్తినీ ఒరనూ పక్కపక్కనే విడివిడిగా ఉంచాలి. కత్తి ఒరలో ఇరుక్కుపోతే మాత్రం బలవంతంగా లాగరాదు. లాగితే ఒర చీలుతుంది, చెయ్యీ తెగుతుంది.

తోలుడాళ్ళను మేకుకు తగిలించకుండా, లోపలి వంపుకు సరిపడా గుడ్డ ఉండలు పెట్టి, బోర్లా పడుకోబెట్టాలి. వెనక చేతికి ఆనే చిన్న దిండూ, పట్టీలూ చిరిగాయని తీసి పారెయ్యరాదు. ఆ డాలును ఏ చేతితో, ఎలా పట్టారో చెప్పేవి అవే.

దేన్నీ ప్లాస్టికు సంచిలో బిగించి కట్టరాదు, లోపల చెమ్మ పడుతుంది. పత్రికల కాగితంలోనూ చుట్టరాదు, అందులో ఆమ్లం ఉంటుంది.

పూజ మానాలా?

అక్కర లేదు. ఆయుధపూజ మన సంప్రదాయం. పూజ లేకుంటే ఈ వస్తువులు ఇంతకాలం ఇళ్ళలో ఉండేవే కావు. పసుపు, కుంకుమ, గంధం తడిపి అలుగు మీద పూయడానికి బదులు కత్తిని ఉతికిన గుడ్డపై ఉంచి, కుంకుమ ఆ పీటకు పెట్టవచ్చు. నిమ్మకాయను పక్కన పెట్టవచ్చు, కత్తికి గుచ్చరాదు. పూజ ముగిశాక పొడిగుడ్డతో తుడిచి ఎప్పటి చోట ఉంచాలి. దేవుని మీద భక్తికి దీనివల్ల లోటు రాదు.

తుపాకుల విషయం

పాత వత్తితుపాకి ఇంట్లో ఉన్నవారు ఒక జాగ్రత్త తప్పక పాటించాలి. పూర్వం మందూ గుండూ దట్టించి పేల్చకుండా వదిలినవి ఉండవచ్చు. పాత మందు వందేళ్ళయినా ప్రమాదకరమే. గొట్టంలోకి చూడడం, కాల్చిన కమ్మి దూర్చడం, వెల్డింగు పెట్టించడం ప్రాణాపాయం. పోలీసుశాఖలోని ఆయుధాల మిస్త్రీలు పరీక్షించి చెప్పేవరకు అది నిండు తుపాకి అనే అనుకోవాలి.

చట్టం గురించి భయపడి వస్తువును బావిలో పారవేయవలసిన పని లేదు. 1959 ఆయుధాల చట్టం పాతకాలపు, బాగుచేసినా పేల్చడానికి పనికిరాని తుపాకులకు మినహాయింపు ఇచ్చింది. అది ఆ కోవకు వస్తుందో రాదో మనంతట మనం తేల్చుకోక అధికారులనే అడగాలి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళాత్మక, చారిత్రక వస్తువులు పురావస్తువులే. వాటిని దేశం దాటించే హక్కు ఏ వ్యక్తికీ లేదు. అమ్మే వ్యాపారానికీ లైసెన్సు కావాలి.

స్టాకు రిజిస్టరు రాయండి

ఉత్తరుని ప్రశ్నకు అర్జునుడు జవాబు చెప్పగలిగాడు. మన ఇంట్లో కత్తి చూపి మనుమడు "ఇది ఎవరిది తాతా?" అంటే చెప్పగలమా? చెప్పలేకపోతే ఆ కత్తి రేపు పాత ఇనుము వ్యాపారి తక్కెడలోకి పోతుంది. పెద్ద పెద్ద ఆయుధాగారాలకే ఈ గతి పట్టింది. 19వ శతాబ్దంలో తంజావూరు రాజుల ఆయుధాగారాన్ని విప్పినప్పుడు ఎంచిన కొన్ని మద్రాసు మ్యూజియంకు చేరి నేటికీ ఉన్నాయి. మిగిలినవాటిలో ఎన్నో విరగ్గొట్టి తుక్కు కింద అమ్మారు.

అదే, చరిత్ర తెలిసిన కత్తి విలువ వేరు. టిప్పు సుల్తాను పడకగదిలో దొరికిన కత్తిని సేనాని డేవిడ్ బెయిర్డుకు బహూకరించినట్టు ఆ అలుగు మీదే రాసి ఉంది. 2023 మేలో లండనులో అది ఒక కోటీ నలభై లక్షల పౌండ్లకు వేలం పోయింది. మన ఇంటి కత్తికి అంత ధర రాకపోవచ్చు, రానవసరమూ లేదు. "ఫలానా ఊరి కట్టుబడి బంట్రోతుది" అన్న ఒక్క మాట తోడైతే చాలు, అది తుక్కు స్థాయి నుంచి చరిత్ర స్థాయికి ఎక్కుతుంది.

ఈ పని మనకంటె బాగా చేయగలవారు ఎవరు? ముప్ఫై ఏళ్ళు రిజిస్టర్లు రాసినవాళ్ళం. రెవిన్యూలో పనిచేసిన మిత్రులకు ఇనాం ఫెయిరు రిజిస్టరు అంటే తెలుసు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషను విచారించి రాయించిన ఆ రిజిస్టర్లలో ఏ ఊరి భూమి ఎవరికి, ఏ సేవకు ఇచ్చినదో ఉంటుంది. ఒక ఇంట్లో కత్తి, ఆ ఇంటిపేరు మీద రిజిస్టరులో కట్టుబడి ఇనాం ఉంటే, రెండూ ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి. ఉపాధ్యాయ మిత్రులు ఊళ్ళో పెద్దలు చెప్పే మాటలను రాసుకోగలరు. అటవీశాఖ మిత్రులకు గూడేలు తెలుసు. పోలీసుశాఖ మిత్రులకు తుపాకులు తెలుసు.

ఒక్కొక్క వస్తువుకు ఒక్క కాగితం చాలు. వస్తువు పేరు, పొడవు, బరువు, ఏ భాగం ఏ పదార్థం, మీద రాతలు, గుర్తులు ఏమైనా ఉంటే ఉన్నవి ఉన్నట్టు, ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, ఇంట్లో దాన్ని ఏ పేరుతో పిలుస్తారు, ఎవరు చెప్పారు, ఏ తేదీన, నాలుగువైపుల ఫోటోలు. తెలిసినది, విన్నది వేరువేరుగా రాయాలి. ఆ కాగితం ఒక ప్రతి వస్తువుతో పాటు, ఒక ప్రతి వేరేచోట ఉంచాలి. ఇంట్లో ఉంచుకునే ఓపిక లేనివారు పాత ఇనుము బండికి వెయ్యకుండా, కర్నూలులోని పురావస్తు ప్రదర్శనశాల అధికారులకు చూపించి సలహా అడగవచ్చు.

దసరాకు ఇల్లు దులిపేటప్పుడు ఎక్కడో మూల కత్తో బాకో కనిపిస్తే, ఇటుకపొడి డబ్బా కోసం కాకుండా కాగితం, కలం కోసం చెయ్యి చాచవలసిందిగా మిత్రులందరికీ మనవి. తుప్పును వచ్చే ఏడైనా తుడవవచ్చు. దాని కథ చెప్పగల పెద్దవారు వచ్చే ఏటికి ఉంటారో లేదో చెప్పలేము. ముందు వారి దగ్గర కూర్చోండి.